గజ్జి అనుమానం, స్క్రేపింగ్ రెండుసార్లు నెగటివ్. ఇప్పుడేం చేయాలి?

[1] నిద్రలేమి · సోమవారం రాత్రి 11:40

కేసు వివరాలు ముందు పెడుతున్నాను, ప్రశ్నలు చివర్లో.

ఇంట్లో ముగ్గురు: ఇద్దరు పెద్దవాళ్ళు, ఏడేళ్ళ పాప. పెద్దవాళ్ళలో ఒకరికి ఏడు వారాలుగా దురద. పక్కమీద వాలగానే ఎక్కువవుతుంది. రెండోవారికి పది రోజుల కిందట మొదలైంది. పాపకి ఏమీ లేదు. మొదటివారికి ముంజేతుల మీద, పొట్ట మీద ఎర్రటి చిన్న పొక్కులు, వాటి చుట్టూ గోకిన గీతలు. చర్మం గీకి చేసే పరీక్ష (స్క్రేపింగ్) రెండుసార్లు జరిగింది. రెండుసార్లూ "పురుగు గానీ గుడ్లు గానీ కనబడలేదు" అని రిపోర్టు. మధ్యలో రెండు వారాలు బీటామెథసోన్ అనే స్టెరాయిడ్ క్రీమ్ వాడారు. రక్తంలో ఇసినోఫిల్స్ (ఒక రకం తెల్లరక్తకణాలు) 7 శాతం, ఐజీఈ (ఎలర్జీలో పెరిగే ప్రతిరక్షకం) ఎక్కువ. ఒక డాక్టరు గజ్జి అంటారు, ఇంకొకరు ఎలర్జీ అంటారు.

1. నెగటివ్ వచ్చిందంటే గజ్జి కానట్టేనా?
2. ఇంకే పరీక్ష అడగాలి?
3. రక్తపరీక్షతో తేలుతుందా?

[2] గాజుపలక · సోమవారం రాత్రి 11:58

జవాబు చెప్పేముందు ఒక్క ప్రశ్న. గీకింది ఒంటి మీద ఎక్కడ?

[3] నిద్రలేమి · మంగళవారం ఉదయం 6:15

మొదటిసారి మోచేతి మడత దగ్గర, రెండోసారి పొట్ట మీద. రెండుసార్లూ బాగా దురద పుట్టే పొక్కుల్నే చూపించారు.

[4] గాజుపలక · మంగళవారం ఉదయం 7:30

నేననుకున్నదే. దురద ఉన్నచోట పురుగు ఉంటుందనుకోవడం దగ్గరే తప్పటడుగు పడుతుంది. దురద మన ఒంటి ఎలర్జీ. పురుగు మీద, దాని గుడ్ల మీద, మలం మీద చర్మం చూపించే కోపం అది. ఆ కోపం పొట్ట మీద వంద పొక్కులుగా లేచినా, వాటిలో ఒక్కదాంట్లోనూ పురుగు లేకపోవచ్చు. మామూలు గజ్జిలో ఒంటి మొత్తం మీద ఉండే పెద్ద ఆడ పురుగులు సగటున 10 నుంచి 15. పొడవు అర మిల్లీమీటరు కూడా ఉండదు, మంచి కంటికైనా ఒక చుక్కే. అంత తక్కువగా ఉన్న పురుగుల్ని కళ్ళు మూసుకుని ఎక్కడో ఒకచోట గీకితే దొరకవు.

వెతకాల్సింది సొరంగం కోసం. ఆడ పురుగు చర్మం పైపొరలో తవ్వుకుంటూ రోజుకి రెండు మూడు గుడ్లు పెడుతుంది. ఆ దారి పైకి బూడిదరంగు గీతలా కనిపిస్తుంది. కొన్ని మిల్లీమీటర్ల నుంచి సెంటీమీటరు దాకా ఉంటుంది, వంకరటింకరగా, మాసిన దారప్పోగు ముక్క చర్మానికి అతుక్కున్నట్టు. ఒక చివర పొట్టు లేచి ఉంటుంది, పురుగు లోపలికి దిగింది అక్కడే. రెండో చివర చిన్న నల్లచుక్కో, ఆవగింజంత ఉబ్బో ఉంటుంది. పురుగు ఉండేది ఆ రెండో చివర.

ఇది ఇవాళ్టి పొరపాటు కాదు. 1687లోనే ఇటలీలో బొనోమో అనే వైద్యుడు, చెస్తోనీ అనే మందుల తయారీదారు ఈ పురుగుని మైక్రోస్కోపులో చూసి బొమ్మ గీశారు. అయినా తర్వాత దాదాపు నూటేభై ఏళ్ళు వైద్యుల్లో చాలామంది నమ్మలేదు. నీటిపొక్కులు చిదిపి వెతికారు, దొరకలేదు, లేదన్నారు. 1834లో పారిస్‌లో రెనుచ్చి అనే కోర్సికా వైద్య విద్యార్థి, తన ప్రాంతపు ఆడవాళ్ళు చేసే పద్ధతిలోనే, సూదిమొనతో సొరంగం చివర ఎత్తి పురుగుని బయటికి తీసి చూపించాడు. మీ రెండు రిపోర్టుల్లోనూ జరిగింది పొక్కులు చిదిపి వెతకడమే.

సొరంగాలు దొరికే చోట్లు ఈ వరుసలో చూడండి: వేళ్ళ సందులు, వేళ్ళ పక్కలు, మణికట్టు లోపలి మడత, అరచేతి అంచు, మోచేతి వెనక, చంక ముందు మడత, బొడ్డు చుట్టూ, నడుము, పిరుదుల కింది మడత, ఆడవాళ్ళకి చనుమొనల చుట్టూ, మగవాళ్ళకి పురుషాంగం, వృషణాల తిత్తి. 1940ల్లో బ్రిటిష్ పరిశోధకుడు మెల్లన్‌బీ ఒక్కొక్క రోగి ఒంటి మీది పురుగులన్నీ ఏరి లెక్కపెడితే, మూడింట రెండొంతులకి దగ్గరగా చేతుల మీద, మణికట్ల మీదే ఉన్నాయి. మోచేతి లోపలి మడత ఆ లెక్కలో పెద్దగా కనబడదు.

[5] పొడిచర్మం · మంగళవారం ఉదయం 9:05

మూడో ప్రశ్నకి: రక్తపరీక్షతో తేలదు. ఇసినోఫిల్స్, ఐజీఈ గజ్జిలోనూ పెరుగుతాయి, ఎగ్జిమాలోనూ (పొడిబారి దురద పెట్టే చర్మవ్యాధి) పెరుగుతాయి, కడుపులో నులిపురుగులున్నా పెరుగుతాయి. గజ్జిని పట్టించే ప్రత్యేకమైన రక్తపరీక్ష వాడుకలో లేదు. దాని మీద ఇంకోసారి డబ్బు పెట్టకండి.

రెండోది ఆ స్టెరాయిడ్. అది ఎరుపునీ వాపునీ అణచిపెడుతుంది, పురుగుకి మాత్రం ఏ హానీ చేయదు. దురద నాలుగు రోజులు తగ్గినట్టుంటుంది, ఈలోగా మచ్చల రూపం మారిపోయి చూసేవాళ్ళకి గజ్జి గజ్జిలా కనబడదు. ఎక్కువకాలం వాడితే పురుగుల సంఖ్య కూడా పెరగొచ్చు. ఎన్ని రోజులు, ఎక్కడ రాశారో డాక్టరుకి ముందే చెప్పండి. ఎలర్జీ అన్నవారికి ఈ సంగతి తెలియకపోయి ఉండొచ్చు.

[6] లెక్కల మాష్టారు · మంగళవారం మధ్యాహ్నం 1:20

పురుగు కనబడితేనే గజ్జి అనే నియమం ఎక్కడా లేదండీ. గజ్జి నియంత్రణ మీద పనిచేసే అంతర్జాతీయ కూటమి 2020లో నిర్ధారణకి మూడు మెట్లు పెట్టింది.

పై మెట్టు, రూఢి అయినది: మైక్రోస్కోపులో పురుగు, గుడ్డు లేదా మలం కనబడాలి. లేదా ఎక్కువ శక్తి ఉన్న ఇమేజింగ్ పరికరంతో ఒంటి మీదే ఇవి కనబడాలి. లేదా డెర్మోస్కోపుతో (చర్మాన్ని పెద్దది చేసి చూపించే చేతి పరికరం) పురుగు కనబడాలి.

మధ్య మెట్టు, చూపుతో తేల్చేది: సొరంగం కనబడితే చాలు. మగవాళ్ళకి జననాంగం మీద గజ్జి తరహా గడ్డలున్నా చాలు. లేదా గజ్జికి అలవాటైన చోట్లలో అలవాటైన మచ్చలుండి, దురదతో పాటు, దురద లేదా అలాంటి మచ్చలు ఉన్న మనిషితో దగ్గరి సాంగత్యం కూడా ఉండాలి.

కింది మెట్టు, అనుమానం: అలవాటైన చోట అలవాటైన మచ్చలుండి, పైన చెప్పిన రెండు చరిత్ర అంశాల్లో (దురద, సాంగత్యం) ఒకటే ఉన్నా ఇక్కడికే వస్తుంది. మచ్చలో చోటో అలవాటైనవి కాకపోయినా రెండు అంశాలూ ఉంటే ఇక్కడికే.

ఏ మెట్టుకైనా, మిగతా జబ్బులకన్నా గజ్జికే ఎక్కువ అవకాశం ఉందని చూసేవారికి అనిపించాలి.

మీ కేసు: దురద ఉంది. ఇంట్లో రెండోవారికీ దురద ఉంది. అంటే రెండు అంశాలూ ఉన్నాయి. మచ్చలు ముంజేతుల మీద, పొట్ట మీద ఉన్నాయన్నారు గానీ చేతివేళ్ళు, మణికట్లు, బొడ్డు చుట్టూ ఎవరూ చూసినట్టు లేదు. కాబట్టి ఇప్పటికి కింది మెట్టు. ఆ చోట్లలో పొక్కులుంటే ఒక మెట్టు ఎక్కుతుంది, సొరంగం ఒక్కటి దొరికినా అంతే. నెగటివ్ స్క్రేపింగ్ వల్ల మాత్రం ఏ మెట్టూ దిగదు, ఆ పట్టికలో దానికి చోటే లేదు.

కాలం లెక్క కూడా గజ్జి వైపే ఉంది. మొదటిసారి అంటుకున్నప్పుడు ఎలర్జీ పుట్టడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. ఒకరికి ఏడు వారాలు, ఇంకొకరికి పది రోజులు. మధ్యలో ఐదారు వారాలు. ఎగ్జిమా అయితే ఇంట్లోవాళ్ళకి ఇలా వంతులు వేసుకుని రాదు. పాపకి ఏమీ లేదన్నది ఊరట కాదు, లక్షణాలు రాకముందే పురుగులు ఉండొచ్చు, అంటించనూ వచ్చు.

[7] చిన్నలెన్స్ · మంగళవారం సాయంత్రం 6:45

డెర్మోస్కోపు ఉన్న చర్మ డాక్టరు దగ్గరికి వెళ్ళండి. పది రెట్లు పెద్దది చేసి చూపించే చేతి పరికరం చాలు. సొరంగం చివర గోధుమరంగు త్రిభుజం కనిపిస్తుంది. అది పురుగు తల, ముందుకాళ్ళు. మిగతా ఒళ్ళు పారదర్శకం కాబట్టి కనబడదు. వెనకాల తెల్లటి గీత, అచ్చం ఆకాశంలో విమానం వదిలిన పొగచారలా. త్రిభుజం ఒక్కటే కనబడితే తొందరపడకూడదు, ఎండిన రక్తపు చుక్కా మట్టిరేణువూ అలాగే మోసం చేస్తాయి. వెనక చార కూడా ఉండాలి. చామనఛాయ, నల్లని చర్మం మీద ఆ గోధుమరంగు కలిసిపోతుంది. అక్కడ ముందు తెల్లచార పట్టుకుని దాని చివరిదాకా వెళ్ళాలి. అరచేతి అంచులో, వేళ్ళ పక్కల్లో చర్మం లేతరంగు కాబట్టి అక్కడ మొదలుపెట్టడం మేలు.

ఫోనుకి తగిలించే మాక్రో లెన్సుతో పురుగుని నిర్ధారించలేరు. అది వేరే పనికి వస్తుంది: అనుమానపు గీతల్ని పగటి వెలుతురులో ఫొటో తీసి, పక్కన పెన్నుతో చుట్టి ఉంచితే డాక్టరు నేరుగా అక్కడికే వెళ్తారు.

సిరా పరీక్ష ఇంట్లోనూ చేసుకోవచ్చు. నీళ్ళతో కడిగితే పోయే ఫౌంటెన్ పెన్ను సిరా ఒక చుక్క అనుమానపు గీత మీద వేసి, అర నిమిషం ఆగి, స్పిరిట్ దూదితో తుడవాలి. పైన ఉన్నది పోతుంది. లోపల సొరంగం ఉంటే అందులోకి దిగిన సిరా నల్లటి సన్నని వంకరగీతగా మిగులుతుంది. పగిలిన చర్మం మీదా, పుండు మీదా వేయొద్దు. గోకిన గీతలోకి కూడా సిరా దిగి తప్పుదారి పట్టిస్తుంది. గోకిన గీత తిన్నగా ఉంటుంది, సొరంగం మెలికలు తిరుగుతుంది.

[8] గాజుపలక · మంగళవారం రాత్రి 8:10

స్క్రేపింగ్ మళ్ళీ చేసేటప్పుడు ఎలా జరగాలో రాస్తున్నాను. ఇంట్లో బ్లేడు పట్టుకోవద్దు. ల్యాబులో ఏం అడగాలో తెలియడం కోసమే ఇది.

గోకని, పుండు పడని, కొత్త సొరంగాన్ని ఎంచుకోవాలి. దాని మీద ఒక చుక్క మినరల్ ఆయిల్, స్లైడు మీద ఇంకో చుక్క. 15వ నంబరు బ్లేడుని చర్మానికి దాదాపు పడుకోబెట్టి, సొరంగం పొడవునా, ముఖ్యంగా నల్లచుక్క ఉన్న చివర, పైపొర లేచేదాకా గీకాలి. గుండుసూది మొనంత రక్తం చిమ్మితే లోతు సరిపోయినట్టే. ధారగా వస్తే ఎక్కువ గీకినట్టు, ఆ రక్తకణాల గుంపులో ఏదీ కనబడదు. బ్లేడుకి అంటుకున్నదంతా స్లైడు మీది నూనెలోకి దులపాలి. ఒక్కచోటుతో ఆపకుండా ఐదారు చోట్ల తీయాలి. కవర్ స్లిప్ వేసి, ముందు తక్కువ శక్తి లెన్సుతో స్లైడంతా ఒక వరుసలో జల్లెడ పట్టాలి, అనుమానం ఉన్నచోట 10 లెన్సు. మొదటే 40 లెన్సుతో మొదలుపెడితే స్లైడులో సగం చూడకుండానే వదిలేసినట్టు.

మూడింట్లో ఏది దొరికినా చాలు. పురుగు: తాబేలు డిప్పలాంటి ఒళ్ళు, పొట్టికాళ్ళు. గుడ్డు: కోలగా, పలచని పెంకు. మలం: గోధుమ-బంగారు రంగు చిన్న ఉండలు, గుంపుగా. గాలిబుడగ గుండ్రంగా, నల్లటి మందపాటి అంచుతో ఉంటుంది, గుడ్డు ఎప్పుడూ కోలగానే ఉంటుంది.

పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం గురించి ఒక మాట. తామరకి పరీక్ష చేసే ల్యాబులు అలవాటుగా దాన్నే వేస్తాయి. గజ్జికీ వాడొచ్చు, చర్మపు పొట్టు కరిగి చూపు తేటపడుతుంది. కానీ మలం ఉండల్ని కూడా కరిగించేస్తుంది. దొరికే మూడు ఆధారాల్లో ఒకటి చేజేతులా పోగొట్టుకున్నట్టు. అందుకే నూనె అడగండి. "ఫంగస్ కాదు, గజ్జి పురుగు కోసం" అని చీటీ మీద రాయించుకోండి.

చిన్నపిల్లలు బ్లేడుకి బెదిరితే సెల్లోటేపు పద్ధతి ఉంది. బాగా అంటుకునే పారదర్శక టేపు ముక్కని సొరంగం మీద గట్టిగా నొక్కి, ఒక్క లాగున పీకి, స్లైడు మీద అతికించి చూడటం. నొప్పి లేదు, కానీ దొరికే అవకాశం తక్కువే.

[9] వెన్నెల_22 · బుధవారం ఉదయం 10:30

చర్మం నుంచి రాలిన నల్లటి గింజల్లాంటివి, దారాల్లాంటివి అగ్గిపెట్టెలో దాచి తీసుకెళ్తే డాక్టర్లు విసుక్కుంటారు. ఆ నమూనా నిజంగా పనికిరాదా?

[10] గాజుపలక · బుధవారం ఉదయం 11:15

విసుక్కోవడం తప్పు. తెచ్చినదాన్ని లెన్సు కింద పెట్టడానికి రెండు నిమిషాలు చాలు. కానీ తేవడంలో పద్ధతి ఉంది. పొడిగా పెట్టెలో వేస్తే నలిగి పొడైపోతుంది. పారదర్శక టేపుకి అంటించి స్లైడు మీద అతికించండి, లేదా 70 శాతం ఆల్కహాల్ పోసిన చిన్న సీసాలో వేసి, తేదీ, ఒంటి మీద ఏ చోటో రాయండి. ఒక్కటే నమూనా, కొత్తది. ఇరవై తేవద్దు.

అలా రాలేవాటిలో ఎక్కువ భాగం ఎండిన పక్కు, బట్టల నూలు, దుమ్ము. గజ్జి పురుగు గింజలా రాలిపడదు. ఈ దారిలో నిజంగా దొరికేవి వేరే: పేలు, నల్లులు, పక్షిగూళ్ళ నుంచి దిగే సూక్ష్మ పురుగులు.

[11] పొడిచర్మం · బుధవారం మధ్యాహ్నం 12:40

దీనికి కొనసాగింపు. నిపుణులైన ఇద్దరు వేర్వేరుగా చూసి, డెర్మోస్కోపూ స్క్రేపింగూ సరైన చోట్ల చేసి ఏమీ లేదన్నాక కూడా చర్మం కింద పాకుతున్నట్టు అనిపిస్తుంటే, ఆ అనుభూతి అబద్ధం కాదు, కారణం వేరే. బి12 లోపం, థైరాయిడ్, మూత్రపిండాలు, కాలేయం, మధుమేహంతో దెబ్బతిన్న నరాలు, కొన్ని మందులు, ఉత్తేజకాలు, ఉన్నట్టుండి మద్యం మానడం ఇవన్నీ చేస్తాయి. పురుగే ఉందన్న గట్టి నమ్మకం ఒక్కటే లక్షణంగా నిలిచే జబ్బూ ఉంది. దానికి మందులున్నాయి, పనిచేస్తాయి కూడా. ఎవరు ఏ కోవలోకి వచ్చినా సూదితో తవ్వడం, పురుగుమందు, కిరోసిన్ పూయడం వద్దు. తవ్విన పుండే తర్వాత అసలు జబ్బై కూర్చుంటుంది.

గజ్జిలా కనిపించే మిగతావి క్లుప్తంగా: నల్లి కాట్లు బట్టలు కప్పని చోట్ల, మూడు నాలుగు వరసగా, పరుపు కుట్లలో నల్లచుక్కలుంటాయి. ఒంటి పేలు చర్మం మీద కాదు, బట్టల కుట్లలో దొరుకుతాయి. కుక్క గజ్జి మనిషికి అంటుకుని దురద పెడుతుంది గానీ మన చర్మంలో సంతానం పెంచుకోలేదు. కుక్కకి వైద్యం చేస్తే తగ్గిపోతుంది. పాదం మీద పాములాంటి ఎర్రగీత రోజురోజుకీ ముందుకి జరుగుతుంటే అది కొంకిపురుగు పిల్ల. గజ్జి సొరంగం అంత వేగంగా, అంత దూరం పోదు. అరవై దాటినవాళ్ళకి ఎడతెగని దురదైతే నీటిబొబ్బలు లేకపోయినా పెంఫిగాయిడ్ (రోగనిరోధక శక్తే చర్మాన్ని దెబ్బతీసి బొబ్బలు తెచ్చే జబ్బు) మరిచిపోవద్దు, దానికి బయాప్సీ కావాలి.

[12] ఉతుకుడుబండ · బుధవారం సాయంత్రం 5:00

ఇంత తంతు ఎందుకు? గజ్జి క్రీమ్ రాసి చూస్తే సరి. తగ్గితే గజ్జి, తగ్గకపోతే కాదు.

[13] లెక్కల మాష్టారు · బుధవారం సాయంత్రం 5:50

ఆ లెక్క రెండు వైపులా తప్పుతుంది. పురుగులన్నీ చచ్చినా వాటి అవశేషాల మీద ఎలర్జీ 2 నుంచి 4 వారాలు ఉంటుంది, కాబట్టి "తగ్గలేదు, గజ్జి కాదు" అనలేం. ఎగ్జిమా తనంతట తానే హెచ్చుతగ్గులు చూపిస్తుంది, కాబట్టి "తగ్గింది, గజ్జే" అనీ అనలేం.

మధ్య మెట్టు దాకా వచ్చిన కేసుకి డాక్టరు మందు మొదలుపెట్టడంలో తప్పులేదు. ముందు పరీక్ష, తర్వాత మందు, అంతే. రాయడం సగంసగం అయితే అసలే ఏదీ తేలదు: పర్మెత్రిన్ 5 శాతం క్రీమ్ (గజ్జి పురుగుని చంపే మందు), మెడ నుంచి అరికాలి దాకా, వేళ్ళ సందులు, గోళ్ళ కింద, బొడ్డులో, మర్మావయవాల మీద కూడా. పెద్దవారికి ఒకసారికి 30 గ్రాములు. 8 నుంచి 14 గంటలు ఉంచాలి, మధ్యలో చేతులు కడిగితే చేతులకి మళ్ళీ రాయాలి. వారం తర్వాత రెండోసారి. ఇంట్లో అందరూ ఒకే రాత్రి, దురద లేనివాళ్ళతో సహా. ఎక్కువమంది విఫలమయ్యేది దురద ఉన్నచోటే రాయడం వల్ల. ఐవర్‌మెక్టిన్ మాత్ర బరువుని బట్టి, కిలోకి 200 మైక్రోగ్రాములు, రెండు మోతాదులు. గర్భిణులకీ 15 కిలోల లోపు పిల్లలకీ మామూలుగా ఇవ్వరు. అది డాక్టరు రాయాల్సిన మందు.

[14] ఉతుకుడుబండ · బుధవారం రాత్రి 9:10

సరే మాష్టారూ, ఒప్పుకున్నాను. నా వంతు నేను చెబుతాను. రాసిన రాత్రికి ముందు మూడు రోజుల్లో వాడిన దుప్పట్లు, బట్టలు, తువ్వాళ్ళు 50 డిగ్రీలు దాటిన వేడిలో 10 నిమిషాలకి తక్కువ కాకుండా ఉండాలి. ఉతకలేనివి సంచిలో మూతికట్టి కనీసం 3 రోజులు, వారం ఉంచితే నిశ్చింత. మనిషి ఒంటిని వదిలితే పురుగు రెండు మూడు రోజులకి మించి బతకదు. ఇల్లంతా మందు కొట్టించనక్కర్లేదు.

[15] నిద్రలేమి · ఆదివారం ఉదయం 8:20

అందరికీ కృతజ్ఞతలు. కుడి మణికట్టు మడతలో రెండు గీతలు, ఎడమ చూపుడువేలు పక్కన ఒకటి దొరికాయి. సిరా నిలిచింది. నూనెతో స్క్రేపింగ్ చేయించాం. రిపోర్టు: గుడ్లు 2, మలం ఉండలు ఉన్నాయి, పురుగు కనబడలేదు. ఇది పాజిటివేనా? పాప విషయం ఏమిటి?

[16] గాజుపలక · ఆదివారం ఉదయం 9:00

రూఢి అయినట్టే. గుడ్డు ఉందంటే పెట్టినది ఉన్నట్టే కదా. పాపకీ అదే రాత్రి రాయాలి, బరువుకి తగిన మోతాదు డాక్టరుని అడగండి.

రాసేముందు ఆ మూడు సొరంగాల్నీ, ఇంకేమన్నా కనబడితే వాటినీ, పక్కన స్కేలు పెట్టి తేదీతో ఫొటో తీయండి. నాలుగు వారాల తర్వాత దురద ఇంకా ఉంటే వాదన ఆ ఫొటోలతోనే తేలుతుంది. పాత గీతలు పొట్టు రాలి మాయమై కొత్తవి లేకపోతే అది మిగిలిన ఎలర్జీ, మెత్తటి మాయిశ్చరైజరూ ఓపికా చాలు. వృషణాల మీద, చంకల్లో గట్టి గడ్డలు నెలల తరబడి ఉండిపోవచ్చు, వాటికోసం మళ్ళీ మళ్ళీ రాయకండి. ఫొటోలో లేనిచోట కొత్త గీత కనిపిస్తే అప్పుడు మళ్ళీ స్క్రేపింగ్.

[17] పొడిచర్మం · ఆదివారం ఉదయం 9:35

ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిన సందర్భాలు రెండు. మొదటిది, పొక్కులు చీముపట్టి జ్వరం రావడం, లేదా ఆ తర్వాత వారాల్లో ముఖం ఉబ్బి మూత్రం టీ డికాక్షన్ రంగులో రావడం. గోకిన పుండులో చేరిన స్ట్రెప్టోకాకస్ బ్యాక్టీరియా ప్రభావం మూత్రపిండాల దాకా పోతుంది, పిల్లల్లో మరీ. రెండోది, ఇంట్లో వయసు మళ్ళినవాళ్ళకో రోగనిరోధక శక్తి తగ్గినవాళ్ళకో చేతుల మీద, గోళ్ళ కింద మందంగా పక్కు కట్టడం. దురద తక్కువగా ఉంటుంది, కానీ ఒంటి మీద పురుగులు వేలల్లో, లక్షల్లో ఉంటాయి. అలాంటి పక్కు చిటికెడు స్లైడు మీద వేస్తే ఎక్కడ గీకాలన్న ప్రశ్నే రాదు.